అప్పు చేసి జార్జియాలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. సెలవు రోజుల్లో ఊళ్లు తిరగొచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: జార్జియా రాజధాని టిబిలిసిలో మొదటి ఏడాది, రెండో సెమిస్టర్ చదువుతున్న అమ్మాయి. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపించారు. ఫ్లాట్‌లో ఉన్నవాళ్లు శని, ఆదివారాలు వస్తే ఏదో ఒక ఊరు బయల్దేరుతున్నారు. వెళ్తే చదువు దెబ్బతింటుందేమో, నాన్న డబ్బుతో షికార్లు చేస్తున్నట్టు ఉంటుందేమో అని భయం. వెళ్లకపోతే గదిలో ఒంటరిగా ఏడుపు. ఆడపిల్లలకు అక్కడ భద్రమేనా, టీఆర్‌సీ (అక్కడి తాత్కాలిక నివాస కార్డు) ఉంటే యూరప్ కూడా చుట్టి రావచ్చంటున్నారు నిజమేనా అని కూడా అడిగింది.

ముందు సూటిగా చెప్పేస్తాను. తిరుగు చెల్లీ. తిరగకపోతేనే నష్టం. కాకపోతే మొదటి రెండేళ్లు జార్జియా దాటకు. పొద్దున వెళ్లి రాత్రికి గదికి చేరే ఊళ్లే చూసుకో. వెళ్లిన చోట తెలుగు, ఇంగ్లిషు కట్టిపెట్టి వాళ్ల భాషలో మాట్లాడు. ఈ చివరిదే అసలు సంగతి, మిగతావి దానికోసమే. (నువ్వు అంటున్నానని ఏమనుకోకు. నీ వయసులో నేనూ అదే నగరంలో, దాదాపు ఇదే ఏడుపు ఏడ్చాను.)

నా సంగతి రెండు ముక్కల్లో. మాది నరసరావుపేట. నాన్న ఆర్టీసీలో కండక్టరు. 2015 సెప్టెంబరులో టిబిలిసి వెళ్లి 2021లో డిగ్రీతో వచ్చాను. విదేశాల్లో వైద్యం చదివొచ్చినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష రెండోసారికి గట్టెక్కాను. ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్ని. కాబట్టి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే మాటలు నా దగ్గర దొరకవు, నేను పడ్డవి మాత్రం ఉన్నాయి.

తిరగడానికీ వైద్యానికీ ఏమిటి సంబంధం?

ఇప్పుడు నీకు అర్థం కాదు, మూడో ఏడాదిలో అర్థమవుతుంది. కోర్సు ఇంగ్లిషులోనే. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ అన్నీ ఇంగ్లిషులో నడిచిపోతాయి. ఫ్లాట్‌లో నలుగురూ తెలుగువాళ్లే. వాజా ప్షావేలా వీధి వైపు ఇండియన్ షాపులో కందిపప్పు, చింతపండు దొరుకుతాయి. మెస్‌లో పప్పుచారు. ఇంటితో మాట్లాడాలన్నా టైము తేడా గంటన్నరే. అలా రెండేళ్లు జార్జియాలో ఉండి కూడా జార్జియా గాలి తగలకుండా బతికేయొచ్చు. చాలామంది అలాగే బతుకుతారు.

మూడో ఏడాది వార్డులోకి పంపిస్తారు. పేషెంటుకి ఇంగ్లిషు రాదు. జార్జియన్ వస్తుంది, వయసు మళ్లినవాళ్లకి రష్యన్ కూడా వస్తుంది. పేషెంటు పది నిమిషాలు తన బాధంతా చెప్పుకుంటుంది. పక్కనున్న లెక్చరర్ మన వైపు తిరిగి "ఛాతీలో నొప్పి, మూడు రోజుల నుంచి" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మిగిలిన తొమ్మిదిన్నర నిమిషాలు ఏమైపోయినట్టు? నొప్పి ఎలా మొదలైంది, ఎటు పాకింది, ఏం చేస్తే తగ్గింది, ఇంట్లో ఇంకెవరికుంది, అసలు భయం దేనికి? హిస్టరీ అంటే అదే కదా. భాష రాని వాళ్లు మంచం కాళ్ల దగ్గర వెనక వరసలో నిలబడి ఫోన్ చూసుకుంటారు. వచ్చిన ఒకరిద్దరు ముందుకెళ్లి పొట్ట నొక్కి చూస్తారు, స్టెతస్కోపు పెడతారు. మూడేళ్లు ఇలా గడిచేసరికి ఆ ఒకరిద్దరికీ మిగతావాళ్లకీ ఎంత తేడా వస్తుందో నువ్వే ఊహించుకో.

యూనివర్సిటీలో జార్జియన్ భాషకి క్లాసు ఉంటుంది, నిజమే. అక్కడ నేర్చుకున్నది పరీక్షకి పనికొస్తుంది. నోరు తిరిగేది మాత్రం బజార్లో, మార్ష్‌రుట్కా అనే సర్వీసు వ్యానులో.

నాకు మొదటి పాఠం చెప్పింది ఒక ముసలావిడ. మొదటి ఏడాది ఏప్రిల్‌లో పక్కనున్న మ్త్స్‌ఖేతా ఊరికి వెళ్లడానికి డిడుబే బస్టాండులో మార్ష్‌రుట్కా ఎక్కాను. మన సెవెన్ సీటర్ ఆటోకి కాస్త పెద్దన్నయ్య లాంటి వ్యాను అది. నా పక్కన నల్ల గౌను, నల్ల రుమాలు కట్టుకున్న బామ్మ కూర్చుంది. ఎక్కడి దానివి, ఏం చదువుతున్నావు అని అడిగినట్టనిపించింది. క్లాసులో నేర్చుకున్న ఒకే ఒక్క మాట వాడాను, "ఎకిమి" అని. అంటే డాక్టరు. అంతే, ఆవిడ మొహం వెలిగిపోయింది. సంచిలోంచి మందుల అట్టలు మూడు తీసి నా ఒళ్లో పెట్టింది. "త్స్‌నేవా, త్స్‌నేవా" అంటూ చెయ్యి చాపింది. బీపీ అని నాకు తెలియడానికి, ఆవిడ జబ్బకి పట్టీ చుట్టి గాలి కొడుతున్నట్టు సైగ చెయ్యాల్సొచ్చింది. తర్వాత "ముఖ్లి మ్ట్‌కివా" అంది. ముఖం గురించేదో చెబుతోంది అనుకుని ఆవిడ ముఖంలోకి తెగ చూస్తున్నాను. ఆవిడ విసుక్కుని మోకాలి మీద ఒక్క చరుపు చరిచింది. ముఖ్లి అంటే మోకాలు. ఇప్పటికీ మరిచిపోలేదు, ఇక మరిచిపోను కూడా. దిగేటప్పుడు చుర్చ్‌ఖేలా ఒకటి చేతిలో పెట్టి వెళ్లింది. దారానికి గుచ్చిన అక్రోట్లని ద్రాక్షరసం పాకంలో ముంచి ఆరబెడతారే, అది. దూరం నుంచి చూస్తే కొవ్వొత్తి అనుకుంటాం.

అంకెలు నేర్చుకుంది డెజర్టర్ బజార్లో, స్టేషన్ స్క్వేర్ మెట్రో పక్కనే ఉంటుంది. జార్జియన్ లెక్క ఇరవైల్లో నడుస్తుంది. నలభై అంటే రెండు ఇరవైలు, అరవై అంటే మూడు ఇరవైలు, డెబ్బై అయిదు అంటే మూడు ఇరవైల పదిహేను. మా నాయనమ్మ "నాలుగిరవైల యేళ్లొచ్చాయి నాకు" అనేది కాబట్టి నాకు అంత వింతగా అనిపించలేదు. టమాటాలు, కొత్తిమీర బేరమాడుతూ "రా గిర్స్?" (ఎంత?) అని అడిగి, వాళ్లు చెప్పింది విని, చిల్లర లెక్కపెట్టి ఇచ్చీ ఇచ్చీ అంకెలు పట్టుబడ్డాయి. మూడో ఏడాదిలో పేషెంటు వయసు చెప్పగానే రాసుకున్నది మా బ్యాచ్‌లో నేనూ, ఇంకొక కేరళ అబ్బాయి. మిగతావాళ్లు వేళ్లు చూపించమని అడిగేవాళ్లు.

అంత నేర్చుకున్నా బోర్లాపడ్డ రోజులున్నాయి. కార్డియాలజీ వార్డులో ఒకతన్ని హిస్టరీ అడుగుతున్నాను. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా అంటే, "మామా, ఇన్‌ఫార్క్తి" అన్నాడు. నేను టకటకా మేనమామకి గుండెపోటు అని రాసుకున్నాను. మేడమ్ చూసి "అంకులా?" అని కనుబొమ్మలెత్తారు. జార్జియన్‌లో మామా అంటే నాన్న. దేదా అంటే అమ్మ. నాకు ఆ సంగతి తెలుసు, మొదటి వారంలోనే నవ్వుకున్నాం కూడా. కానీ చెయ్యి తెలుగులో రాసేసింది. తండ్రికి గుండెపోటు రావడానికీ మేనమామకి రావడానికీ పేషెంటు రిస్కులో ఎంత తేడా ఉందో పావుగంట చీవాట్లు పెట్టి చెప్పారు. ఫ్యామిలీ హిస్టరీలో మొదటి వరస చుట్టాలెవరన్నది ఆ రోజు తర్వాత నన్ను ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

కాబట్టి చెల్లీ, ఫ్రెండ్స్ గుంపుతో వెళ్లి బ్లూటూత్ స్పీకర్లో పాటలు పెట్టుకుని, ఫొటోలు దిగి, మెక్‌డొనాల్డ్స్‌లో తినేసి వచ్చే తిరుగుడు గురించి నేను చెప్పడం లేదు. దానికి హైదరాబాదు ట్యాంక్‌బండ్ చాలు. ఇద్దరు లేదా ముగ్గురు వెళ్లండి. ఒక్కొక్కరు ఒక్కో పని నెత్తినేసుకోండి. ఒకరు టికెట్టు మాట్లాడాలి, ఒకరు తిండి చెప్పాలి, ఒకరు దారి అడగాలి. తప్పులు మాట్లాడితే ఎవరూ వెక్కిరించరు. మన నోట్లోంచి "గమర్జోబా" (నమస్కారం) అని వినపడితే చాలు, సగం పని అయిపోతుంది. "సాద్ గ్ట్‌కివాత్?" అంటే ఎక్కడ నొప్పి అని. ఆ మూడు హల్లులూ ఒక్క ఊపిరిలో పలకడానికి నాకు రెండు నెలలు పట్టింది. అక్షరాలు ముప్పై మూడే, ఇంగ్లిషులోలా పెద్దక్షరాలు చిన్నక్షరాల గోల లేదు, మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి. వారంలో వచ్చేస్తాయి. అవి రాకుండా డిడుబేకి వెళ్తే అక్కడి వ్యాన్ల బోర్డులు నీకు ముగ్గుల్లా కనిపిస్తాయి.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట మ్త్స్‌ఖేతా. టిబిలిసికి ఇరవై కిలోమీటర్లు. పాత రాజధాని, పెద్ద చర్చి ఉంది, ఎదురు కొండ మీద ఆరో శతాబ్దం నాటి జ్వారీ మఠం ఉంది. పైనుంచి చూస్తే అరాగ్వి, మ్ట్‌క్వారి నదులు కలిసే చోటు కనిపిస్తుంది. రెండు నీళ్లకీ రంగు తేడా ఉంటుంది. మన సంగమాల దగ్గర కుంకుమ వేసి దణ్ణం పెట్టే అలవాటు ఉన్నదాన్ని, నాకు ఊరికే నిలబడి చూడ్డం కాస్త వెలితిగా అనిపించింది. పూటలో అయిపోయే ప్రయాణం. మా రోజుల్లో మార్ష్‌రుట్కాకి ఒక లారీ. (లారీ అంటే వాళ్ల డబ్బు, మనకి రూపాయిలా.)

తర్వాత గోరి, దాని పక్కనే రాతిని తొలిచిన ఊరు ఉప్లిస్‌త్సిఖే. సెప్టెంబరు, అక్టోబరులో కఖేతి వైపు ద్రాక్ష కోతలు, అప్పుడు సిగ్నాగి. ఇవన్నీ పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. బతూమికి మాత్రం రైలు మంచిది, ఐదు గంటల పైన పడుతుంది. సముద్రం చూడాలని మనసు పీకితే వేసవి సెలవుల ముందు ఒకసారి వెళ్లు.

అసలు ప్రయాణం అక్కర్లేకుండా టిబిలిసిలోనే నీకు ఒకటి ఉంది. ఎలియావా ఇన్‌స్టిట్యూట్. 1923లో గియోర్గి ఎలియావా మొదలుపెట్టాడు. బ్యాక్టీరియాని తినే వైరస్‌లతో, అంటే ఫేజ్‌లతో వైద్యం చేసే చోటు. ఆయన్ని 1937లో స్టాలిన్ కాలంలో చంపేశారు కానీ సంస్థ నిలిచింది. ప్రపంచమంతా యాంటీబయాటిక్స్ వెంట పరిగెత్తినా వీళ్లు ఫేజ్‌లు వదల్లేదు. మందుల షాపులో ఫేజ్ సీసాలు దొరకడం నేను చూసింది అక్కడే. మైక్రోబయాలజీ మొదలయ్యాక ఆ భవనం ముందు నిలబడి రా. పుస్తకంలో నాలుగు లైన్లుండే బ్యాక్టీరియోఫేజ్ అప్పుడు ఎందుకో బాగా గుర్తుంటుంది. ఈ రోజుల్లో మా క్యాజువాల్టీకి ఏ మందుకీ లొంగని ఇన్ఫెక్షన్లు వచ్చినప్పుడల్లా నాకు ఆ సీసాలు గుర్తొస్తాయి.

ఇక అందరూ వెళ్లేది కజ్‌బెగి. బాగుంటుందా అంటే, ఉంటుంది. గెర్గెటి చర్చి 2,170 మీటర్ల ఎత్తులో, దాని వెనక ఐదు వేల మీటర్లు దాటిన మంచుకొండ. కానీ దానికి నేనిచ్చిన మూల్యం చెబుతాను విను.

రెండో ఏడాది ఫిబ్రవరి. సోమవారం బయోకెమిస్ట్రీ కొలోక్వియం, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష. చదివేశాం కదా అనే పొగరుతో నలుగురం శనివారం బయల్దేరాం, రాత్రి అక్కడే పడుకుని ఆదివారం వచ్చేద్దామని. శనివారం రాత్రి మంచు మొదలైంది. పొద్దున లేచేసరికి కిటికీ సగం దాకా తెల్లగా ఉంది. గుడౌరి దగ్గర కనుమ మూసేశారు, పైనుంచి మంచు చరియలు పడతాయని. ఆ దారి తప్ప టిబిలిసికి వేరే దారి లేదు. ఆదివారం తెరవలేదు, సోమవారం తెరవలేదు. గెస్ట్‌హౌస్ ఆవిడ మాత్రం మట్టి మూకుడులో లోబియో వండి పెడుతూనే ఉంది. రాజ్మా కూరే అనుకో, అక్రోటు, కొత్తిమీర ఎక్కువ. ఆ మూడు రోజుల్లో ఆవిడతో కలిసి ఉల్లిపాయలు తరుగుతూ కనీసం నలభై మాటలు నేర్చుకున్నాను. మంగళవారం సాయంత్రం చేరాం. పరీక్ష పోయింది. మంచు పడిందంటే వింటారా, రీటేక్‌కి రాసుకోమన్నారు. ఆ సెమిస్టర్ గ్రేడు పడిపోయింది, దాన్ని పైకి తేవడానికి వేసవి దాకా పట్టింది.

కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా కనుమ దాటే ప్రయాణం వద్దు. పరీక్షకి ముందు వారం ఏ ప్రయాణమూ వద్దు. మే, జూన్‌లో వెళ్తే పూలుంటాయి, దారీ తెరిచే ఉంటుంది.

డబ్బు

మన దగ్గర లారీ అంటే ఇసుక లారీ. మొదటి నెలలో నాన్నకి ఫోన్ చేసి "అద్దె మనిషికి రెండొందల పాతిక లారీలు" అంటే అవతల కాసేపు మాట లేదు. తర్వాత "నేను జీవితంలో అన్ని లారీలు ఒకచోట చూళ్లేదే తల్లీ" అన్నాడు. మేం నవ్వుకున్నాం కానీ ఆయన దానికోసం పీఎఫ్ లోను తీశాడు.

నేను చేసిన పని ఇది. పొడుగు నోట్‌బుక్కు ఒకటి పెట్టాను. నెలకి నలభై లారీలు ప్రయాణానికి. అంతకు మించితే ఆ నెల ఇంక కదలను. మిగిలితే వచ్చే నెలకి. అప్పట్లో లారీకి పాతిక, ఇరవై ఎనిమిది రూపాయల మధ్య ఉండేది. ఇప్పుడు ముప్పై దాటింది, చార్జీలూ పెరిగాయి. మా రోజుల్లో యాభై తెత్రిలు, అంటే అర లారీ ఉన్న మెట్రో ఇప్పుడు ఒక లారీ. నీ లెక్క నువ్వు వేసుకో, కానీ కాగితం మీద వేసుకో. ఏజెంట్లు నడిపే ఇండియన్ గ్రూప్ టూర్లకి వెళ్లకు. మార్ష్‌రుట్కాలో అయ్యేదానికి మూడు నాలుగు రెట్లు తీసుకుంటారు, పైగా బస్సులో మళ్లీ మన సినిమా పాటలే.

తిండికి ఒక కిటుకు. నువ్వు శాకాహారివో కాదో చెప్పలేదు, అయినా చెబుతాను. "సమర్ఖ్‌వో" అని అడుగు. అంటే ఉపవాసం తిండి. వాళ్ల చర్చి పద్ధతిలో బుధ, శుక్రవారాలు, పండగల ముందు వారాల తరబడి మాంసం, పాలు, గుడ్డు మానేస్తారు. అందుకని ప్రతి హోటల్లో ఆ వంటకాలుంటాయి. లోబియానీ (రాజ్మా కూరిన రొట్టె), అక్రోటు ముద్ద పెట్టిన వంకాయ, మొక్కజొన్న రొట్టె, చవకగా కడుపు నిండుతుంది. కారం కావాలంటే అజికా అడుగు, మన పండుమిరప పచ్చడికి చుట్టం.

యూరప్ సంగతి

టీఆర్‌సీ ఉంటే షెంజెన్‌కి, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలకి, వెళ్లొచ్చన్నది అబద్ధం. 2017 మార్చి నుంచి వీసా లేకుండా వెళ్లే వీలు జార్జియా పౌరులకి వచ్చింది. జార్జియాలో చదువుకుంటున్న భారతీయులకి కాదు. కుటైసి నుంచి విమాన టికెట్లు చౌకగా కనిపిస్తాయి, చూసి మోసపోకు. మామూలుగా వీసాకి అప్లై చేసుకోవాల్సిందే. అర్మేనియా మాత్రం ఈ-వీసాతో అవుతుంది, నాలుగో ఏడాదిలో నేనూ రాత్రి రైల్లో యెరెవాన్ వెళ్లొచ్చాను. తిరిగి జార్జియాలో అడుగు పెట్టేదాకా టీఆర్‌సీ గడువు ఉందో లేదో రెండుసార్లు చూసుకో. కార్డు రెన్యువల్‌లో ఉండగా దేశం దాటకు. రష్యా పట్టులో ఉన్న అబ్ఖాజియా, దక్షిణ ఒసేషియా వైపు సరదాకి కూడా వెళ్లొద్దు. రష్యా వైపు నుంచి వాటిలోకి వెళ్తే జార్జియా చట్టం ప్రకారం నేరం.

భద్రత

రాత్రి పదింటికి మెట్రోలో ఒంటరిగా వచ్చినప్పుడు నాకు గుంటూరు బస్టాండులో కలిగేంత భయం అక్కడ ఎప్పుడూ కలగలేదు. అలాగని అంతా బాగుంటుందనీ కాదు. తేరిపారా చూసేవాళ్లుంటారు, రంగు గురించి నోరు పారేసుకునేవాళ్లూ ఉంటారు. అత్యవసరానికి 112. నేను నిజంగా జాగ్రత్త పడమనేది మాత్రం వేరే మూడింటి గురించి.

ఒకటి మర్యాద. అక్కడ అతిథి అంటే ప్రాణం పెడతారు. పల్లెటూళ్లో ఎవరో ఒకరు పిలిచి కూర్చోబెట్టి ఇంట్లో చేసిన వైను, చాచా పోస్తారు. చాచా అంటే ద్రాక్ష తొక్కల సారా, గొంతు కాలిపోతుంది. వద్దంటే బాధపడతారని తాగకు. గుండె మీద చెయ్యి పెట్టుకుని "అరా, మద్లోబా" (వద్దు, థాంక్స్) అంటే అర్థం చేసుకుంటారు. ఇంట్లో ఆడవాళ్లు లేని చోట కూర్చోకు.

రెండు, కుక్కలు. వీధికుక్కలు చాలా ఉంటాయి. చెవికి ప్లాస్టిక్ బిళ్ల ఉంటే టీకా వేశారని అర్థం. బిళ్ల ఉన్నా సరే, కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. డాక్టరువి కాబోతున్నావు, ఇది నీకు చెప్పక్కర్లేదు, అయినా మా క్లాసులో ఒకడు "బిళ్ల ఉంది కదా" అని నాలుగు రోజులు ఊరుకున్నాడు.

మూడోది అన్నిటికంటే పెద్దది. చలికాలంలో గ్యాస్ హీటరు, జనరేటరు పొగ. 2024 డిసెంబరులో గుడౌరిలో ఒక ఇండియన్ రెస్టారెంటు పైగదుల్లో నిద్రపోతున్న పన్నెండు మంది కార్బన్ మోనాక్సైడ్‌తో పోయారు. అందులో పదకొండు మంది మనవాళ్లే. దానికి వాసన లేదు, రంగు లేదు, తలనొప్పి, వికారం అనుకుంటూ నిద్రలోకి జారిపోతారు. గెస్ట్‌హౌస్‌లో గదికి చిమ్నీ లేని హీటరుంటే ఆ గది వద్దని చెప్పు. మీ ఫ్లాట్‌కి ఇవాళే డిటెక్టరు ఒకటి కొనండి.

చదువు దెబ్బతింటుందా?

నెలకి రెండు ఆదివారాలు పోతే దెబ్బతినదు. రోజూ రాత్రి రెండింటిదాకా సిరీసులు చూస్తే దెబ్బతింటుంది. నిజాయితీగా చెప్పాలంటే నేను 2021 డిసెంబరు ఎఫ్‌ఎంజీఈలో ఫెయిలయ్యాను. మూడొందల ప్రశ్నలు, పాసవడానికి నూట యాభై కావాలి, నాకు నూట ముప్పై ఎనిమిది వచ్చాయి. ఊళ్లు తిరిగి తిరిగి ఫెయిలయ్యావని అమ్మ ఇప్పటికీ అంటుంది. కాదు. చివరి ఏడాదిన్నర కోవిడ్‌లో గదిలో కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు విన్నప్పుడు పోయింది. పైగా మన దేశంలో పరీక్ష ఎలా అడుగుతారో అన్న ధ్యాస ఆరో ఏడాది దాకా లేదు. ఆ తప్పు నువ్వు చెయ్యకు. మూడో ఏడాది నుంచి రోజూ గంట, ఇండియన్ పుస్తకాలు, పాత ప్రశ్నలు. ఆ పరీక్షలో నూటికి పది నుంచి ముప్పై మంది దాకా పాసవుతుంటారు. ఆ లెక్క చూస్తే గుండె జారుతుంది, అందుకే ముందే మొదలుపెట్టమంటున్నాను.

ఇంకొకటి, మా బ్యాచ్‌కి పాత రూల్స్. 2021 నవంబరు 18 తర్వాత చేరినవాళ్లకి ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) కొత్త నిబంధనలు. అక్కడ కనీసం 54 నెలల కోర్సు, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, మళ్లీ ఇక్కడ 12 నెలలు, మొత్తం పదేళ్లలోపు ముగించాలి. చదువు మధ్యలో యూనివర్సిటీ మారితే చిక్కులొస్తాయి. ఎవరైనా సీనియర్ "వేరే దేశానికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుందాం, చవక" అంటే ఎన్‌ఎంసీ గెజిట్ చదివాకే నోరు తెరువు.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది, థియరీలో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో. ఆరేళ్లలో టిబిలిసి దాటి ఎక్కడికీ వెళ్లలేదు, డబ్బు ఖర్చవుతుందని. తను ఎఫ్‌ఎంజీఈ మొదటిసారే పాసైంది, నేను కాలేదు. ఇది దాచి నా మాటే గొప్పని చెప్పను. కానీ ఇక్కడ ఇంటర్న్‌షిప్‌లో మొదటి నాలుగు నెలలు పేషెంటు మీద చెయ్యి వెయ్యడానికి చేతులు వణికాయని తనే చెప్పింది. తర్వాత సర్దుకుంది, ఇప్పుడు నాకంటే మంచి డాక్టరు. అంటే రెండు దారులూ ఒకే ఊరికి చేరుతాయి. నీకు గదిలో ఏడుపొస్తోంది అన్నావు చూడు, అందుకే నా దారి చెబుతున్నాను.

ఇంట్లో చెప్పి వెళ్లు

మొదటి ప్రయాణం నేను చెప్పకుండా వెళ్లాను. లైబ్రరీలో ఉన్నానని అమ్మకి చెప్పి, మ్త్స్‌ఖేతా కొండ మీద ఉన్నాను. రూమ్మేటు వాట్సాప్‌లో వాళ్లమ్మకి నా ఫొటో పంపింది. వాళ్లమ్మ మా అమ్మకి ఫార్వర్డ్ చేసింది. సాయంత్రం ఫోన్లో అమ్మ ఏమీ అనలేదు, నాన్నకిచ్చింది. నేను ఏడుపు మొదలుపెట్టేలోపు నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "టికెట్టెంత?"

ఒక లారీ అన్నాను.

"ఎన్ని కిలోమీటర్లు?"

ఇరవై.

కాసేపు లెక్కేసి, "మన పల్లెవెలుగు కంటే ఎక్కువే. కండక్టరున్నాడా?"

లేడు నాన్నా, దిగేటప్పుడు డ్రైవరుకిస్తాం అన్నాను.

"మరి టికెట్ ఎవరు కొడతారు? చెకింగ్ వస్తే?" అని నిజంగానే కంగారు పడ్డాడు. ఆ తర్వాత చదువు అయ్యేదాకా ఏ ఊరెళ్లినా ముందు ఆయనకి చెప్పేదాన్ని. బండి, దూరం, చార్జీ రాసుకునేవాడు. ఆ కాగితం ఇంకా ఇంట్లో ఉంది, వెనకవైపు లోను వాయిదాల లెక్కతో సహా.

ఈ వారం ఖాళీ అయితే మ్త్స్‌ఖేతాతో మొదలుపెట్టు. మెడికల్ యూనివర్సిటీ మెట్రో స్టేషన్లో ఎక్కితే స్టేషన్ స్క్వేర్‌లో లైను మారి డిడుబేలో దిగాలి. బయటికి రాగానే టాక్సీవాళ్లు మీద పడతారు, తలొంచుకుని దాటి వెళ్లు, మార్ష్‌రుట్కాలు లోపలుంటాయి. దిగాల్సిన చోటు రాగానే గట్టిగా "గామిచెరెత్" (ఆపండి) అను. మెల్లిగా అంటే ఆపరు.